కరోనా ఖర్చుకు ఇప్పుడు ఆడిట్ అభ్యంతరం: పాత తేదీతో తీర్మానం రాయమంటున్నారు, రాయమంటారా?

ప్రశ్న: నమస్కారమండి. నేను కోస్తాలో ఒక చిన్న పంచాయతీకి సర్పంచిని. 2021 ఫిబ్రవరిలో గెలిచి ఏప్రిల్‌లో బాధ్యతలు తీసుకున్నాను. కుర్చీలో సరిగా కూర్చోకముందే కరోనా రెండో విడత వచ్చి పడింది. ఇంట్లో వేరే గది లేనివాళ్ల కోసం బడిలో గదులు శుభ్రం చేయించి మంచాలు వేయించాం, మూడు పూటలా భోజనం పెట్టించాం. వీధుల్లో హైపోక్లోరైట్ కొట్టించాం, బ్లీచింగ్ చల్లించాం, మాస్కులు పంచాం. బంధువులు కూడా ముందుకు రాని దహనాలకు కట్టెలు, కిట్లు మేమే కొన్నాం. అప్పటికి నాకు చెల్లింపులు చేయడానికి వాడే డిజిటల్ సంతకం కీ రాలేదు. మా వారు బయట అప్పు తెచ్చి ఖర్చుపెట్టారు, తర్వాత బిల్లులు పెట్టి తీసుకున్నాం. మొత్తం 2,86,400 రూపాయలు. ఇప్పుడు ఆడిట్ వాళ్లు తీర్మానం లేదు, కొటేషన్లు లేవు, స్టాకు రిజిస్టరు లేదు, భోజనాలకు జాబితా లేదు అంటూ మొత్తం సొమ్ముకూ అభ్యంతరం రాశారు. అందులో ట్రాక్టరు అద్దె 58,500. ట్రాక్టరు మా మరిదిది, దాని మీద ఆడిట్ నివేదికలో విడిగా ఒక పేరా రాశారు. అప్పటి కార్యదర్శి బదిలీ అయిపోయారు. ఇప్పటి కార్యదర్శి ‘మినిట్స్ పుస్తకంలో మే నెల సమావేశం కింద సగం పేజీ ఖాళీ ఉంది, అక్కడ తీర్మానం రాసి సభ్యుల చేత సంతకాలు పెట్టిద్దాం’ అంటున్నారు. మా వారిదీ అదే మాట. దుకాణదారు ఖాళీ బిల్లులు ఇస్తానన్నాడు. నాకు మనసొప్పడం లేదు. డబ్బంతా నేనే కట్టాలా? నెలకు 3,000 గౌరవ వేతనం తీసుకునేదాన్ని, ఎక్కడి నుంచి తెచ్చి కట్టను? రేపు మళ్లీ ఇలాంటి కష్టం వస్తే ఊరికి ఖర్చుపెట్టాలా, మానాలా? నా పేరు, ఊరి పేరు వేయకండి.

సమాధానం:

అమ్మా,

ముందు ఆ సగం పేజీ సంగతి తేల్చేద్దాం. దాన్ని ముట్టుకోకండి. తీర్మానం రాయడం అటుంచి, ఖాళీ మూసేద్దామని అడ్డగీత కూడా గీయకండి. ఆ పేజీకి, దాని ముందూ వెనకా పేజీలకు ఈరోజే ఫొటోలు తీసి దగ్గర పెట్టుకోండి. రేపు మీకు తెలియకుండా ఎవరైనా అందులో ఏదైనా రాసినా, ఆ రాతతో మీకు సంబంధం లేదని చెప్పుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

నేను ఉద్యోగమంతా ఆడిట్ వైపే చేశాను. పంచాయతీ మినిట్స్ పుస్తకం తెరవగానే మేము తీర్మానం చదవడం మొదలుపెట్టం. నంబర్లు వరసలో ఉన్నాయా, పేజీ అడుగున అక్షరాలు ఇరికించినట్టు ఉన్నాయా, పైన ఒక సిరా కింద ఒక సిరా వాడారా, సంతకాలు చేసిన సభ్యుల్లో ఆ రోజు ఊళ్లో లేనివాళ్లు ఉన్నారా అని చూస్తాం. 2021 మే నెలలో మీ వార్డు సభ్యుల్లో ఎవరో ఒకరు జ్వరంతో మంచం పట్టే ఉంటారు, ఆసుపత్రిలోనే ఉన్నారేమో కూడా. ఆ మనిషి సంతకం ఆ తేదీ కింద కనబడితే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. ఆ సమావేశపు మినిట్స్ నకలు అప్పుడే మండల కార్యాలయానికి వెళ్లి ఉంటే, అక్కడ లేని తీర్మానం ఇక్కడ ఎలా మొలిచిందని అడుగుతారు. ఇప్పుడు మీ మీద ఉన్నది లెక్కల అభ్యంతరం మాత్రమే. జవాబు చెబితే తీరుతుంది, తీరని భాగం డబ్బుతో పోతుంది. పాత తేదీతో తీర్మానం రాస్తే అది దొంగ రికార్డు సృష్టించడం, అంటే క్రిమినల్ కేసు. సంతకం చేసిన వార్డు సభ్యులందరూ మీతోపాటు ఇరుక్కుంటారు. సలహా ఇచ్చిన కార్యదర్శి మరో ఊరికి బదిలీ మీద వెళ్లిపోతారు. మీరు ఎక్కడికి వెళతారు?

దుకాణదారు ఇస్తానన్న ఖాళీ బిల్లులకూ ఇదే వర్తిస్తుంది. అతను జీఎస్టీ కట్టే వ్యాపారి అయితే, అతని ఖాతాల్లో లేని బిల్లు మీ వోచర్ల కట్టలో ఉండటం ఇద్దరికీ తలనొప్పి. నేను ఇంతవరకు రాసింది మీ వారికి చదివి వినిపించండి. అప్పు తెచ్చి ఊరిని ఆదుకున్నారు, సంతోషం. కానీ సర్పంచి మీరు. ఆడిట్ నోటీసు మీ పేరునే వస్తుంది, సంతకం మీదే అడుగుతారు.

ఇక డబ్బంతా కట్టాలా అన్న భయం. ఆడిట్ పేరా రాసినంత మాత్రాన ఎవరూ రూపాయి కట్టనక్కర్లేదు. ఆధారాలతో జవాబిస్తే ఎత్తివేస్తారు. ఇవ్వకపోతే ఏటేటా నివేదికల్లో అలా సాగుతూనే ఉంటుంది. మీ ఇంటి దాకా వచ్చేది సర్చార్జి, అంటే నష్టపోయిన సొమ్మును బాధ్యుల చేత కట్టించడం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆడిట్ చట్టం, 1989లోని 10వ సెక్షన్ కింద స్థానిక సంస్థ నిధికి నష్టం కలిగించినవారి మీద సర్చార్జి చర్య తీసుకునే అధికారం రాష్ట్ర ఆడిట్ డైరెక్టరుకు ఉంది. ఖరారైన సొమ్ము కట్టకపోతే రెవెన్యూ రికవరీ చట్టం కింద రాబడతారు. అక్కడ చూసేది నిధికి నష్టం జరిగిందా లేదా అన్నదే. తీర్మానం చేయకుండా బ్లీచింగ్ కొని ఊరి కోసం వాడారనుకోండి, అది పద్ధతి తప్పిన పని. కొనని బ్లీచింగ్‌కు బిల్లు పెట్టారనుకోండి, అది నష్టం. బజారు ధర కంటే ఎక్కువిచ్చి కొంటే ఆ ఎక్కువ మేరకు నష్టం. కాగితాలు లేనప్పుడు ఆడిటర్‌కు ఇవన్నీ ఒకేలా కనబడతాయి, అందుకే అన్నిటినీ కలిపి ఒకే మొత్తంగా రాసేస్తాడు. 2,86,400లో ఏది పద్ధతి లోపం, ఏది నిజంగా లెక్క తేలని సొమ్ము అని విడదీసి చూపించడమే మీ జవాబు. అంతా సక్రమమే అని వాదించకండి. అలా వాదించినవాళ్ల జవాబును మేము మొదటి పేజీతోనే పక్కన పెట్టేవాళ్లం.

విడదీయడం తేదీలతో మొదలుపెట్టండి. మీ ప్రాంతంలో పాత పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులోనే ముగిసింది. అప్పటి నుంచి ప్రత్యేకాధికారుల పాలన. 2020 మార్చిలో మొదలైన స్థానిక ఎన్నికల ప్రక్రియను కరోనా కారణంగా మార్చి 15న రాష్ట్ర ఎన్నికల సంఘం వాయిదా వేసింది. తర్వాత ఆ వ్యవహారం కోర్టుల్లో నలిగి, పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా జరిగాయి. అంటే కరోనా మొదటి ఏడాదంతా ఊళ్లో ఎన్నికైన సర్పంచి లేకుండానే గడిచింది. ఆ ఏడాది కొన్న సరుకుల బిల్లులు కొన్ని ఆగిపోయి, మీరు వచ్చాక మీ సంతకంతో చెల్లింపు జరిగి ఉండవచ్చు. ప్రతి వోచరు మీదా బిల్లు తేదీ ఒకటి, చెల్లింపు తేదీ ఒకటి ఉంటాయి. రెండూ పక్కపక్కన రాసుకోండి. 2021 ఏప్రిల్‌కు ముందు తేదీ ఉన్న బిల్లు ఏదైనా కనబడితే, ఆ కొనుగోలుకు బాధ్యత ఎవరిదో మీ జవాబులో స్పష్టంగా రాయండి.

బడ్జెట్ సంగతీ అంతే. మీరు ఏప్రిల్‌లో కుర్చీలోకి వచ్చేసరికి 2021-22 బడ్జెట్ ప్రత్యేకాధికారి హయాంలోనే తయారై ఉంటుంది. దాని ప్రతిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరని నా అనుమానం. చాలా పంచాయతీల్లో బడ్జెట్ అంటే నిరుటి అంకెలకు కొంత కలిపి పంపేసే కాగితం. పారిశుద్ధ్యం, నీటి సరఫరా, వీధి దీపాలు, సిబ్బంది జీతాలు అని పద్దులు ఉంటాయి. బడిలో మంచం వేసి అన్నం పెట్టడానికి పద్దు ఉండదు. అలాంటి అవసరం వచ్చినప్పుడు ఒక పద్దులోని సొమ్మును మరో పద్దుకు మారుస్తూ సవరించిన బడ్జెట్‌ను పంచాయతీ ముందు పెట్టి ఆమోదం తీసుకోవాలి. మీరు ఆ పని చేయలేదు. చేయలేదని ఒప్పుకుంటూ, చేయలేని పరిస్థితి ఏమిటో రాయండి: కొత్తగా వచ్చిన పాలకవర్గం, బడ్జెట్ ప్రతి చేతికి అందలేదు, డిజిటల్ కీ లేదు, సభ్యులు కూడటానికే భయపడిన రోజులు.

ఇక చట్టంలో మీకు అండగా నిలిచేవి. అత్యవసరమైన పనిని ముందస్తు మంజూరు లేకుండా చేయించే వీలు పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. చేయించిన పనినీ కారణాలనూ తర్వాతి సమావేశం ముందు పెట్టాలన్నది షరతు. మే తర్వాత జరిగిన సమావేశాల మినిట్స్ ఓపికగా చదవండి. కరోనా పనుల గురించి ఒక్క వాక్యం చర్చకు వచ్చినట్టున్నా అది మీకు పనికొస్తుంది.

దానికంటే బలమైనది విపత్తు నిర్వహణ చట్టం, 2005. ఆ చట్టం కింద దేశమంతటా ఆంక్షలు పెట్టింది 2020 మార్చి 24న. కేంద్ర హోంశాఖ ఆ ఉత్తర్వులను 2022 మార్చి 31తో ఆపేసింది. మీ ఖర్చు ఆ మధ్య కాలంలోనే జరిగింది. చట్టంలో 50వ సెక్షన్ ఒకటి ఉంది. విపత్తు వేళ తక్షణం కొనాల్సిన వస్తువులకు జాతీయ, రాష్ట్ర లేదా జిల్లా విపత్తు సంస్థ అనుమతిస్తే టెండర్లు పిలవాలన్న నిబంధన మాఫీ అయినట్టే లెక్క. ఆ వస్తువులు వాడారని అధీకృత అధికారి ఇచ్చిన ధ్రువపత్రమే చెల్లుబాటయ్యే వోచరు. ఈ సెక్షన్ గురించి తెలిసిన సర్పంచులు తక్కువ. దీన్ని చూసి ఇక అంతా మాఫీ అనుకోకండి. పైనుంచి అనుమతి ఉంటేనే ఇది వర్తిస్తుంది. జిల్లా సంస్థకు అధ్యక్షులు కలెక్టరు. కాబట్టి 2021 ఏప్రిల్ నుంచి జూన్ దాకా కలెక్టరు, జిల్లా పంచాయతీ అధికారి, మండల అధికారి మీ పంచాయతీకి పంపిన ఉత్తర్వులన్నీ వెతకండి. ఆ రోజుల్లో ఆదేశాలు ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోనే వచ్చాయి. మీ ఫోనులో, పాత కార్యదర్శి ఫోనులో, ఆశా కార్యకర్త ఫోనులో ఇప్పటికీ ఉండవచ్చు. సంతకం ఉన్న ఉత్తర్వు పీడీఎఫ్ ఒక్కటి దొరికినా చాలు. దొరకకపోతే జిల్లా కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. సర్పంచి అయినంత మాత్రాన పౌరురాలిగా ఉన్న హక్కు పోదు.

ఏ నిధి నుంచి చెల్లించారన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. మీ ఉత్తరంలో ఆ వివరం లేదు. నగదు పుస్తకం చూస్తే తెలుస్తుంది. పంచాయతీ సొంత ఆదాయమైన సాధారణ నిధి నుంచి అయితే చిక్కు తక్కువ. 15వ ఆర్థిక సంఘం నిధుల నుంచి అయితే ఏ భాగం నుంచి అన్నది చూడాలి. 2021-22 నుంచి ఆ నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడిన సొమ్ము. మిగతా 40 శాతం స్వేచ్ఛా నిధి, దాన్ని జీతాలకు, కార్యాలయ నిర్వహణకు తప్ప ఊరి అవసరం ఏదైతే దానికి వాడుకోవచ్చు. 2021 మే 8న కేంద్రం 25 రాష్ట్రాల గ్రామీణ స్థానిక సంస్థలకు 8,923.8 కోట్ల రూపాయలను అనుకున్న సమయానికంటే ముందే విడుదల చేసింది. అది ఈ స్వేచ్ఛా నిధుల మొదటి వాయిదా. కరోనా నివారణ పనులకు కూడా వాడుకోవచ్చని అప్పుడే చెప్పింది. మీ భోజనాల ఖర్చు ఈ భాగం నుంచి వెళ్లి ఉంటే ఆ విడుదల ఉత్తర్వు నకలు జతచేయండి. పారిశుద్ధ్యానికి కట్టుబడిన సొమ్ము నుంచి బ్లీచింగ్ కొంటే సమర్థించుకోవచ్చు, భోజనం పెట్టించి ఉంటే కుదరదు. అలాంటప్పుడు ఆ మొత్తాన్ని సాధారణ నిధి నుంచి తిరిగి ఆ ఖాతాకు సర్దుబాటు చేయడానికి అనుమతి అడగాలి. ఆ ఏడాదే ఆర్థిక సంఘం సొమ్మును విద్యుత్ బకాయిల కింద మళ్లించారంటూ రాష్ట్రమంతటా సర్పంచులు ఆందోళన చేశారు, మీకూ గుర్తుండే ఉంటుంది. మీ ఖాతాలోనూ అలాంటి కోత పడిందేమో చూసుకోండి. ఏ రోజున ఎంత నిల్వ ఉందో తెలియకుండా ఈ లెక్క తేలదు.

ఇప్పుడు ఒక్కో ఖర్చూ చూద్దాం. హైపోక్లోరైట్‌కూ బ్లీచింగ్‌కూ 1,12,000 అయిందని మీరు పంపిన నోటీసు నకల్లో ఉంది. అన్నిటికంటే పెద్ద మొత్తం ఇదే. నా దృష్టిలో ఊరికి అన్నిటికంటే తక్కువ ఉపయోగపడింది కూడా ఇదే. మనుషుల మీద క్రిమిసంహారకం చల్లవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. వీధుల్లో, ఆరుబయట కొట్టడం వల్ల ప్రయోజనం లేదని, దుమ్ము, మట్టి తగలగానే ఆ మందు పని చేయడం మానేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది మేలో చెప్పింది. మీరు కొట్టించింది ఏడాది తర్వాత. నిందించడానికి ఈ మాట అనడం లేదు. ట్రాక్టరు వెనక తెల్లటి నీళ్లు చిమ్ముతూ వెళితేనే పంచాయతీ పనిచేస్తోందని ఊరు నమ్మిన రోజులవి. కొట్టించని సర్పంచిని తిట్టారు కూడా. కాకపోతే ఆడిటర్ ఇది పనికొచ్చిందా అని అడగడు. ఎంత కొన్నారు, ఎంత వాడారు, ఎంత మిగిలింది అని అడుగుతాడు.

ఆ లెక్క ఇలా వేస్తాడు. బ్లీచింగ్ పౌడరుతో ఒక శాతం ద్రావణం చేయాలంటే లీటరు నీటికి సుమారు 30 గ్రాములు కలపాలి. 5,000 లీటర్ల ట్యాంకరు నింపితే 150 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు 6. మీ వోచర్లలో ఎన్ని బస్తాలున్నాయో, ట్రాక్టరు ఎన్ని ట్యాంకర్లు కొట్టిందో చూసుకుంటే రెండు అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా రావాలి. డబ్బాల్లో వచ్చిన ద్రవం అయితే డబ్బా మీద రాసిన గాఢతను బట్టి లెక్క మారుతుంది. కొంత ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి క్లోరినేషన్‌కు పోయి ఉంటుంది, కొంత మురుగు కాలువల పక్కన సున్నంతో కలిపి చల్లి ఉంటారు. పంపు ఆపరేటరునూ పారిశుద్ధ్య కార్మికులనూ కూర్చోబెట్టి, ఏ వీధిలో ఎన్నిసార్లు, ఎన్ని బస్తాలు అని అడిగి రాసుకోండి. స్టాకు రిజిస్టరు ఇప్పుడు కొత్తగా తయారు చేయకండి. ‘రిజిస్టరు నిర్వహించలేదు, వాడకం వివరాలు సిబ్బంది చెప్పిన ప్రకారం ఇవి’ అని ఈనాటి తేదీతో ఒక పట్టిక ఇవ్వండి. రిజిస్టరు అసలు లేదో, ఉండి పోయిందో కూడా తెలుసుకోండి. పాత కార్యదర్శి బదిలీ అయినప్పుడు ఛార్జి అప్పగించిన జాబితా ఉంటుంది. అందులో స్టాకు రిజిస్టరు పేరుంటే, ఇప్పుడది ఎక్కడుందో చెప్పాల్సింది కార్యదర్శులిద్దరూ.

భోజనాల ఖర్చు 64,000. మీరు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇది, కాగితం అన్నిటికంటే తక్కువగా ఉన్నదీ ఇదే. ఒకే గదిలో ఆరుగురుండే ఇళ్లకు బడి గదులే ఆసరా అయ్యాయి. కేంద్రం 2021 మే 16న గ్రామాల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో బడులనూ సామాజిక భవనాలనూ పంచాయతీ భవనాలనూ కొవిడ్ కేంద్రాలుగా వాడుకోవచ్చని ఉంది. ఆ ప్రతి జతచేయండి. జాబితా లేదంటున్నారు, కానీ మీ దగ్గర మాత్రమే లేదు. ఏఎన్ఎం రిజిస్టరులో పరీక్ష ఫలితాలు ఉంటాయి, ఆశా కార్యకర్తలు మందుల కిట్లు ఇచ్చిన లెక్క ఉంటుంది, ఇంటింటి జ్వర సర్వే వివరాలు గ్రామ సచివాలయంలో ఉంటాయి. వాటి నుంచి బడిలో ఎవరెవరు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నారో తీయవచ్చు. ఆరోగ్య సిబ్బంది ధ్రువీకరించిన జాబితా ఒకటి, వంట చేసినవారి వాంగ్మూలం ఒకటి, ఈనాటి తేదీతోనే. మనిషికి రోజుకు ఎంత పడిందో లెక్క కట్టి చూపండి. అది ఊళ్లో మెస్ ధరకు దగ్గరగా ఉంటే ఆడిటర్ ఇంకేమీ అడగడు. రోగుల పేర్లున్న జాబితాను మాత్రం నోటీసు బోర్డు మీద పెట్టకండి, జవాబుకు జతచేస్తే చాలు.

మాస్కులు, కట్టెలు, కిట్ల కింద మిగిలింది 51,900. కట్టెల అడితిలో బిల్లు ఇవ్వరు, అది ఆడిటర్లకూ తెలుసు. మోసినవారికి ఇచ్చిన కూలికి వేలిముద్ర వోచరు ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త: కొవిడ్ మృతుల అంత్యక్రియలకు రాష్ట్ర ప్రభుత్వం 15,000 రూపాయల సాయం ప్రకటించింది. అదే దహనానికి ఆ సాయం కుటుంబానికి అంది ఉంటే, పంచాయతీ కూడా ఎందుకు ఖర్చుపెట్టిందని అడుగుతారు. మనిషి పోయిన పూట కట్టెలు కావాలి, ప్రభుత్వ సొమ్ము తర్వాతెప్పుడో వస్తుంది. ఈ మాటే రాయండి.

ట్రాక్టరు దగ్గర మాత్రం మిమ్మల్ని వెనకేసుకురాలేను. సర్పంచికి పంచాయతీ కాంట్రాక్టులో సొంత ప్రయోజనం ఉంటే అది అనర్హత దాకా పోయే వ్యవహారం. మీ మరిది వేరు కాపురమా, ఉమ్మడి కుటుంబమా? ట్రాక్టరు రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంది? అద్దె ఎవరి ఖాతాలో పడింది? ఈ మూడింటికి జవాబులు మీకు అనుకూలంగా ఉన్నా లేకపోయినా ఒక న్యాయవాదికి చూపించండి, ఉత్తరంలో తేలే సంగతి కాదిది. లెక్క వరకు చెప్పగలను. అద్దె కట్టిన రోజులూ మందు కొట్టిన రోజులూ పక్కపక్కన పెట్టండి. మందు కొట్టని రోజుకు అద్దె పడి ఉంటే, ట్రాక్టరు ఆ రోజు ఏం చేసిందో చెప్పగలగాలి. అదే నెలలో ఊళ్లో మిగతా ట్రాక్టర్ల రోజు అద్దె ఎంతో ఇద్దరు రైతుల దగ్గర రాయించుకోండి. మీ మరిదికి ఎక్కువ ఇచ్చారని తేలినా, లెక్క దొరకని రోజులు ఉన్నా, ఆ మేరకు సొమ్మును సర్చార్జి నోటీసు వచ్చేదాకా ఆగకుండా చలానా కట్టి పంచాయతీకి జమ చేయండి. ఇంటి మనిషి కాబట్టి తక్కువకే వచ్చాడని మీరు అనవచ్చు. అయితే ఆ తక్కువ ఎంతో కాగితం మీద కనబడాలి.

ఇవన్నీ సిద్ధమయ్యాక పంచాయతీ సమావేశం పెట్టండి. ఎజెండాలో ఈ విషయం ముందే చేర్చి సభ్యులందరికీ నోటీసు ఇవ్వండి. ఈనాటి తేదీతో, ఈనాటి నంబరుతో తీర్మానం: 2021 ఏప్రిల్, జూన్ మధ్య ఏ పరిస్థితిలో ఏమి ఖర్చయింది, సమావేశం ఎందుకు జరగలేదు, ఏ రికార్డు ఉంది, ఏది లేదు, ఎవరు చేతి నుంచి పెట్టి తర్వాత తీసుకున్నారు. ధ్రువీకరించాలా వద్దా సభ్యులు చెప్పాలి. వ్యతిరేకించినవారి పేరూ కారణమూ రాయించండి, అణచిపెట్టకండి. అందరూ ఏకగ్రీవంగా తలూపిన తీర్మానం కంటే ఒకరిద్దరి అభ్యంతరం రాసి ఉన్న తీర్మానాన్ని మేము ఎక్కువ నమ్ముతాం. ట్రాక్టరు అంశం వచ్చినప్పుడు మీరు అధ్యక్ష స్థానం నుంచి లేచి ఉపసర్పంచికి అప్పగించండి, లేచారని మినిట్స్‌లో రాయించండి. ఈ తీర్మానంతో పాత లోపం మాసిపోదు. ఊరు ఎన్నుకున్న సభ్యులు ఈ ఖర్చును చూశారనడానికి సాక్ష్యం మాత్రం అవుతుంది. తర్వాతి గ్రామసభలోనూ ఈ లెక్క చదివించండి.

బదిలీ అయిన కార్యదర్శికి రిజిస్టరు పోస్టులో ఒక లేఖ రాయండి. చెల్లింపులు మీ ఒక్కరి కీతో జరిగి ఉండవు, ఆయన కీ కూడా పడింది. రికార్డు నిర్వహణ ఆయన పని. సర్చార్జి దాకా పోయినా ఆ భారం మీ ఒక్కరి నెత్తిన పడాల్సిన పని లేదు. కోపంగా రాయకండి, ఆయన జవాబు మీకు కావాలి. జవాబుల కట్ట మొత్తం రెండు సెట్లు చేసి, ఒకదాని మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి. నోటీసులో ఇచ్చిన గడువు చాలదనిపిస్తే గడువులోపే పొడిగింపు అడగండి.

రేపు మళ్లీ ఇలాంటిది వస్తే ఖర్చుపెట్టాలా అని అడిగారు. పెట్టండి. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలవగానే కేరళలో స్థానిక సంస్థలు కుటుంబశ్రీ స్వయం సహాయక సంఘాల మహిళలతో సామూహిక వంటశాలలు నడిపాయి, అలాంటి పని మన పంచాయతీలకూ చేతనవుతుంది. మొదటి రోజునే ఒక తెల్ల కాగితం మీద ‘ఫలానా కారణంగా ఈ పనులు తక్షణం చేయిస్తున్నాను’ అని రాసి సంతకం చేసి మండల అధికారికి పంపండి. రెండు వందల పేజీల నోటు పుస్తకం కొని ప్రతి రాత్రీ ఆ రోజు వచ్చిన సరుకు, వాడిన సరుకు, తిన్నవారి సంఖ్య రాసి ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించండి. సొంత డబ్బు పెట్టాల్సి వస్తే పెట్టిన రోజే రాయండి, దుకాణదారుకు ఫోను ద్వారా చెల్లించండి, తేదీ దానంతట అదే నమోదవుతుంది. నెలలోపు సవరించిన బడ్జెట్ పెట్టండి. సాధారణ నిధిలో కొంత సొమ్మును ఏటా అనుకోని ఖర్చుల పద్దు కింద విడిగా చూపించండి. దానికి ఇంటి పన్ను వసూలు కావాలి. కరోనా ఏడాది పన్ను అడగడానికి ఎవరికీ ముఖం చెల్లలేదు, ఆ బకాయిలు ఇంకా డిమాండు రిజిస్టరులో అలాగే ఉంటాయి. అడగడం ఇప్పుడైనా మొదలుపెట్టండి, ముందు పాలకవర్గ సభ్యుల ఇళ్ల నుంచి.

ట్రాక్టరు మీద రాసిన ఆడిట్ పేరా తేలేదాకా మీ మరిది ట్రాక్టరును పంచాయతీ పనికి పిలవకండి, ఊరికే వస్తానన్నా సరే.